చిన్న పట్టణం దేని మీద బతుకుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు నగరంలో పెరిగారు. ఉద్యోగం మీద పదీ పన్నెండు వేల జనాభా ఉన్న ఒక పట్టణానికి వెళ్తున్నారు. కుదిరితే అక్కడే ఏదైనా చిన్న వ్యాపారం పెట్టుకుని స్థిరపడాలని ఉంది. అడిగినవి మూడు. ఒకే జనాభా ఉన్న రెండు పట్టణాల్లో ఒకటి కళకళలాడుతుంటే రెండోది ఎందుకు వెలవెలబోతుంది? అక్కడి మనుషులు అందరి విషయాల్లోనూ తలదూరుస్తారంటారు, నిజమేనా? సంతలు, ఉత్సవాలు నిజంగా ఊరిని నిలబెడతాయా, లేక బయటివాళ్లకు చూపించే అలంకారమా?

గ్రామీణ మార్కెట్ల సర్వేలు, చిన్న పట్టణాల ప్రణాళికలు చాలా కాలంగా నా పని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. టైమ్ లేనివాళ్లకు జవాబు ముందే చెప్పేస్తాను.

చుట్టుపక్కల పల్లెలు ఏ పని మీద ఆ ఊరికి వస్తున్నాయో చూడండి. ఊరి జనాభా దాని తర్వాతే. ఆ పని బలంగా ఉంటే ఊరు బతుకుతుంది, ఆ పని వేరే ఊరికి పోతే ఊరూ తగ్గిపోతుంది. తలదూర్చడం నిజమే, కానీ దానికి ఒక ఆర్థిక కారణం ఉంది. ఉత్సవాలు సొంతంగా ఊరిని పోషించడం అరుదు. కాకపోతే అవి ఏ స్థితిలో ఉన్నాయో చూస్తే ఊరి ఆరోగ్యం చాలావరకు తెలిసిపోతుంది.

ఇక వివరాలు.

ముందు జనాభా సంగతి. ఎంతమంది ఉంటే పట్టణం అన్నదానిపై దేశాల మధ్య ఒప్పందమే లేదు. డెన్మార్క్‌లో 200 మంది దగ్గరదగ్గరగా ఇళ్లు కట్టుకుని ఉంటే అది పట్టణ ప్రాంతం. జపాన్‌లో నగర హోదా రావాలంటే మామూలుగా 50,000 మంది కావాలి. భారత జనగణన 5,000 జనాభాతో పాటు ఇంకో రెండు షరతులు పెట్టింది: పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ఈ మూడూ ఉండి కూడా పురపాలక సంస్థ లేని ఊళ్లు 2001లో 1,362 ఉంటే 2011కల్లా 3,894 అయ్యాయి. కాగితాల్లో పల్లెలుగానే ఉన్నా పనిలో పట్టణాలైపోయిన ఊళ్లు ఇవి. ఆ షరతుల్లో నాకు ఎప్పుడూ ఎక్కువగా పనికొచ్చింది మధ్యది, అంటే మనుషులు ఏం పని చేస్తున్నారన్నది.

ఇప్పుడు దూరం. 13వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో హెన్రీ డి బ్రాక్టన్ పేరు మీద ఉన్న న్యాయగ్రంథం, కొత్త సంత పాత సంతకు ఆరున్నర మైళ్ల పైచిలుకు (కచ్చితంగా చెప్పాలంటే 20 మైళ్లలో మూడో వంతు) దూరంలో అయినా ఉండాలని చెప్పింది. దాని వెనక లెక్క బాగుంటుంది. మనిషి రోజుకు 20 మైళ్లు నడవగలడు. ఆ రోజును మూడు భాగాలు చేస్తే ఒక భాగం వెళ్లడానికి, ఒకటి బేరాలకు, ఇంకోటి చీకటి పడకముందే ఇల్లు చేరడానికి. 1933లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ దక్షిణ జర్మనీ పట్టణాల అమరికను వివరిస్తూ ఇలాంటి చోటికే వచ్చాడు. అన్నిటికన్నా చిన్న సంత ఊళ్లు దాదాపు 7 కిలోమీటర్లకొకటి, ఆ పైమెట్టు ఊళ్లు 12 కిలోమీటర్లకు, ఇంకా పైవి 21 కిలోమీటర్లకు వస్తాయని చూపించాడు. అడుగున ఉన్న లెక్క పల్లెనుంచి దగ్గరి సంత ఊరికి గంట నడక, అంటే 4 కిలోమీటర్లు.

మొత్తానికి చిన్న పట్టణాలు చాలావరకు మనిషి నడకను బట్టి పుట్టినవి. బస్సు, మోటార్‌సైకిల్ వచ్చాక ఆ కొలత చెల్లదు. గంటలో 40 కిలోమీటర్లు పోగలిగినవాడు దగ్గరి రెండు ఊళ్లనూ దాటేసి మూడో ఊళ్లో దిగుతాడు. ఒకప్పుడు మూడు ఊళ్లు పంచుకున్న పని ఇప్పుడు ఒకే ఊరు చేస్తుంది. మీరడిగిన కళకళ, వెలవెలల్లో సగం కథ ఇదే. "ఆ ఊరివాళ్లకు తెలివి ఎక్కువ, ఈ ఊరివాళ్లు బద్ధకస్తులు" అని చుట్టుపక్కల చెప్పుకునే మాటలు సరదాగా వినండి, అంతకుమించి నమ్మకండి.

మరి ఆ మూడింటిలో ఏది మిగులుతుంది? నేను చూసినంతలో, తప్పనిసరిగా రావాల్సిన పని ఏ ఊళ్లో ఉంటే అది. రిజిస్ట్రేషన్ ఆఫీసు, ఆసుపత్రి, కాలేజీ, కోర్టు, ధాన్యం కొనే మార్కెట్, బస్సు మారాల్సిన జంక్షన్ లాంటివి. చీర కొనడానికి మనిషి ఏ ఊరైనా వెళ్తాడు. భూమి కాగితాల కోసం మాత్రం ఆఫీసు ఎక్కడుంటే అక్కడికే వెళ్లాలి. వెళ్లాక పనిలో పనిగా మోటారు రిపేరుకు ఇస్తాడు, కళ్లజోడు మార్పించుకుంటాడు, పిల్లలకు చెప్పులు కొంటాడు. ఒక ఊరినుంచి అలాంటి ఆఫీసు పక్క ఊరికి మారినప్పుడు ఏం జరిగిందో నేను దగ్గరుండి చూశాను. మొదట మూతపడ్డవి జిరాక్స్ షాపులు, దస్తావేజులు రాసేవాళ్ల గదులు, టీ బంకులు. తర్వాత చెప్పుల దుకాణం, ఫ్యాన్సీ దుకాణాలు. ఎరువుల కొట్టు, ట్రాక్టర్ మెకానిక్ మాత్రం కదల్లేదు, ఎందుకంటే వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఆఫీసు కోసం వచ్చేవాళ్లు కాదు. మీరు పెట్టబోయే వ్యాపారం ఈ రెండు గుంపుల్లో దేనికి చెందుతుందో ఇప్పుడే ఆలోచించుకోండి.

డబ్బు ఎటునుంచి వస్తోంది, ఎన్ని చేతులు మారి బయటికి పోతోంది

చిన్న పట్టణంలోకి డబ్బు వచ్చే దారులు ప్రధానంగా నాలుగు. చుట్టూ ఉన్న పొలమో అడవో గనో చేపలో ఒకటి. బయటినుంచి వచ్చే జీతాలు, పింఛన్లు రెండోది. వలసపోయినవాళ్లు పంపేది మూడోది. దారిన పోయేవాళ్లు ఖర్చుపెట్టేది నాలుగోది. ఏ దారి పెద్దదో దాన్నిబట్టి ఊరి తీరే మారిపోతుంది. పొలం డబ్బు మీద నడిచే ఊరు ఏడాదిలో కొన్ని నెలలు కిటకిటలాడి మిగతా నెలలు అరువు మీద నడుస్తుంది. జీతాల ఊళ్లో నెల మొదటి వారం హడావిడి. వలస డబ్బు ఊళ్లో కొత్త మేడలు, సిమెంటు కొట్లు, తాళం వేసిన ఇళ్లు కనిపిస్తాయి, కుర్రాళ్లు కనిపించరు. దారిన పోయేవాళ్ల ఊరు మొత్తం రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. వెనక వీధిలోకి వెళ్తే గాని అసలు పరిస్థితి తెలియదు.

డబ్బు ఎంత వచ్చిందన్నదాని కంటే ఎవరి చేతికి వచ్చిందన్నది ముఖ్యమని చెప్పే పాత పరిశీలన ఒకటుంది. 1940లలో వాల్టర్ గోల్డ్‌ష్మిట్ అనే మానవ శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని అర్విన్, డినూబా అనే రెండు ఊళ్లను పోల్చాడు. రెండు చోట్లా పండే పంట విలువ దాదాపు సమానం. అర్విన్ చుట్టూ ఉన్నవి భారీ కమతాలు, డినూబా చుట్టూ ఉన్నవి కుటుంబాలు సాగుచేసుకునే చిన్న కమతాలు. డినూబాలో వ్యాపారాలు 62 ఉంటే అర్విన్‌లో 35. బళ్లు, పార్కులు, సంఘాలు కూడా డినూబాలోనే ఎక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. భారీ కమతం యజమాని యంత్రాలు, ఎరువులు దూరంనుంచి టోకున తెప్పించుకుంటాడు, లాభం ఇంకెక్కడో దాచుకుంటాడు. అతని దగ్గర పనిచేసే కూలీల చేతిలో ఖర్చుపెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. చిన్న రైతులు వందమంది ఉంటే వందమందీ అదే బజారుకు రావాలి. ఈ పోలిక మీద విమర్శలూ వచ్చాయి. అర్విన్ వయసులో చిన్న ఊరు, డినూబా అప్పటికే స్థిరపడిన ఊరు అన్నది వాటిలో గట్టి విమర్శ. అది సరైనదే. అయినా భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్నచోట బజారు పల్చగా ఉండటం నేను పనిచేసిన ప్రాంతాల్లోనూ గమనించాను.

వచ్చిన డబ్బు ఊళ్లో ఎంతసేపు నిలుస్తుందన్నది తర్వాతి ప్రశ్న. పంట డబ్బు రైతు చేతినుంచి వడ్రంగికి, వడ్రంగినుంచి టైలర్‌కు, టైలర్‌నుంచి ట్యూషన్ మాస్టారికి చేరితే ఒకే నోటు నాలుగిళ్లలో పొయ్యి వెలిగించినట్టు. అదే నోటు నేరుగా బయటి కంపెనీ ఖాతాలోకి పోతే ఊరు చిల్లుకుండే. దీన్ని పట్టుకోవడానికి నేను వాడే సులువైన దారి బ్యాంకు. ఆ ఊరి బ్రాంచిల్లో డిపాజిట్లు ఎంత, అక్కడే ఇచ్చిన అప్పులు ఎంత అని చూస్తాను. డిపాజిట్లు బోలెడు ఉండి అప్పులు చాలా తక్కువగా ఉంటే, ఆ ఊరి పొదుపు ఇంకెక్కడో పెట్టుబడి అవుతోందని అర్థం.

డబ్బు చేతులు మారడం గురించి మాట్లాడేవాళ్లు ఆస్ట్రియాలోని వర్గల్ ఊరి కథ తప్పకుండా చెప్తారు. 1932లో, ఆర్థిక మాంద్యం నడిమధ్య, అక్కడి మేయర్ మిషాయెల్ ఉంటర్‌గుగెన్‌బెర్గర్ డబ్బులా చెల్లే చీటీలు ఊరికి సొంతంగా అచ్చువేయించాడు. నెలకొకసారి విలువలో ఒక శాతం పెట్టి స్టాంపు అంటించకపోతే అవి చెల్లవు. అందుకని ఎవరూ దాచుకోలేదు, చేతికి రాగానే ఖర్చుపెట్టేశారు. పాత పన్ను బకాయిలు వసూలయ్యాయి, రోడ్లు వేశారు, పనులు దొరికాయి. 1933లో ఆస్ట్రియా కేంద్ర బ్యాంకు దాన్ని ఆపించింది. చాలామంది దీన్ని మంత్రదండంలా చెప్తారు. నాకు అంత నమ్మకం లేదు. నడిచింది ఏడాది పైచిలుకే, ఎక్కువ కాలం నడిస్తే ఏమయ్యేదో చెప్పలేం. అసలు డబ్బు లేక కాదు, ఉన్న డబ్బు కదలక ఊరు ఆగిపోవచ్చన్న సంగతి మాత్రం అది బాగా చూపించింది.

ఒకే ఆధారం మీద నిలబడ్డ ఊళ్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. కెనడాలో యురేనియం సిటీ అని ఒక ఊరు ఉండేది, ఇప్పుడూ ఉంది. గని మూసేస్తున్నామని 1981 చివర్లో ప్రకటించారు, 1982 మధ్యకల్లా మూసేశారు. వేలల్లో ఉన్న జనం వందల్లోకి, ఆ తర్వాత ఇంకా కిందికి పడిపోయారు. ఒకే గని, ఒకే మిల్లు, ఒకే కాలేజీ ఉన్న ఊళ్లో ఇల్లు కొనేముందు ఇది గుర్తుంచుకోండి. అద్దెకు ఉండటానికైతే అభ్యంతరం లేదు.

బైపాస్ రోడ్డు గురించి మీరు విడిగా అడగలేదు గాని, చిన్న పట్టణాల్లో దీని మీద ఉన్నంత టెన్షన్ ఇంక దేనిమీదా ఉండదు. అమెరికాలో పాత 66వ నంబరు రహదారి మీద ఉన్న ఊళ్లు దీనికి ప్రసిద్ధి. కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు అరిజోనాలోని సెలిగ్మన్‌ను 1978లో దాటేసింది. విలియమ్స్ అనే ఊరిని 1984లో దాటేయడంతో పాత రహదారి మీది చివరి ఊరి వంతు కూడా అయిపోయింది. సెలిగ్మన్‌లో బార్బర్ షాపు నడిపే ఏంజెల్ డెల్గడియో మరికొందరితో కలిసి 1987లో ఒక సంఘం పెట్టి, పాత రోడ్డుకు చారిత్రక గుర్తింపు తెప్పించాడు. ఆ రోడ్డును చూడటానికే జనం రావడం మొదలైంది. అయితే ఇది అందరికీ దొరికే అవకాశం కాదు. ప్రపంచానికి తెలిసిన రోడ్డు కాబట్టి అక్కడ పనిచేసింది. మామూలు బైపాస్ విషయంలో నేను గమనించింది ఇది: లారీ డ్రైవర్లను, ప్రయాణికులను నమ్ముకున్న దుకాణాలు దెబ్బతింటాయి, చుట్టుపక్కల పల్లెలను నమ్ముకున్న దుకాణాలకు కొన్నిచోట్ల బేరాలు పెరుగుతాయి కూడా. మెయిన్ రోడ్డు మీద లారీల రద్దీ తగ్గాక పిల్లలతో వచ్చి కాసేపు తిరిగి కొనుక్కునే వీలు వస్తుంది మరి.

పెద్ద చెయిన్ స్టోర్ వస్తే? అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త కెన్నెత్ స్టోన్ 1980ల చివరినుంచి వాల్‌మార్ట్ వచ్చిన ఊళ్ల అమ్మకాల లెక్కలు చూస్తూ వచ్చాడు. స్టోర్ ఉన్న ఊళ్లో హోటళ్లు, ఆ స్టోర్ అమ్మని సరుకులు అమ్మేవాళ్లు లాభపడ్డారు. అదే సరుకు అమ్మేవాళ్లు నష్టపోయారు. ఎక్కువ దెబ్బ మాత్రం స్టోర్ రాని చుట్టుపక్కల చిన్న ఊళ్లకు తగిలింది. వాళ్ల కొనుగోలుదారులే కదా అక్కడికి పోయింది. ఆన్‌లైన్ కొనుగోళ్లతో ఇప్పుడు ఆ స్టోర్ ప్రతి ఊరికీ పక్కనే ఉన్నట్టయింది. కాబట్టి పెట్టెలో పెట్టి పంపగలిగే సరుకుతో వ్యాపారం పెట్టొద్దని నా సలహా. రిపేర్లు, కొలతలు తీసుకుని చేసే పనులు, వెంటనే కావాల్సినవి, చూసి ఎంచుకోవాల్సినవి, ఇలాంటివి ఇంకా నిలుస్తున్నాయి.

మనుషులు, తలదూర్చడం

నగరంనుంచి వెళ్లేవాళ్లందరూ అడిగే ప్రశ్న ఇది. ముందు ఒక లెక్క. అమెరికన్ మానవ శాస్త్రవేత్త జి. విలియం స్కిన్నర్ 1949–50లో చైనాలోని సిచువాన్‌లో ఒక సంత ఊళ్లో ఉండి చూసినదాన్ని 1960లలో ప్రచురించాడు. అక్కడ ఒక మామూలు సంత చుట్టూ దాదాపు 18 పల్లెలు, 1,500 కుటుంబాలు. రైతుకు యాభై ఏళ్లు వచ్చేసరికి అతను ఆ సంతకు మూడు వేల సార్లకు పైగా వెళ్లి ఉంటాడని స్కిన్నర్ లెక్కకట్టాడు. అన్నిసార్లు ఒకే వీధిలో భుజాలు రాసుకుంటూ తిరిగినవాళ్లు ఒకరికొకరు తెలియకుండా ఎలా ఉంటారు? పెళ్లి సంబంధాలు చాలావరకు ఆ సంత పరిధిలోనే కుదిరేవి. రైతుకు తన పల్లె ఒక్కటే ప్రపంచం కాదని, ఆ సంత చుట్టూ ఉన్న పల్లెలన్నీ కలిసి అతని ప్రపంచమని స్కిన్నర్ వాదన. ఇప్పటి చిన్న పట్టణాల్లోనూ "మనవాళ్లు" అన్న మాట దాదాపు ఆ పరిధి వరకే వర్తిస్తుంది.

రెండోది అరువు. పొలం డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది, ఖర్చులు మాత్రం రోజూ ఉంటాయి. మధ్యలో నడిపించేది కొట్టువాడి ఖాతా పుస్తకం. అతను అరువిచ్చేముందు ఎవరి పొలంలో పైరు ఎలా ఉంది, ఎవరింట్లో పెళ్లి ఉంది, ఎవరి అబ్బాయి డబ్బు పంపడం మానేశాడు అన్నీ తెలుసుకోవాలి. బ్యాంకువాడు కాగితాలు అడిగి తెలుసుకునేదాన్ని అతను కబుర్లలో తెలుసుకుంటాడు. మీరు ఊళ్లో దిగిన వారంలోనే "మీ నాన్నగారు ఏం చేస్తారు, సొంత ఇల్లేనా, ఎన్నాళ్లుంటారు?" అని అడుగుతారు. అది కాస్త కుతూహలం, కాస్త మీకు అరువు ఇవ్వొచ్చా లేదా అన్న లెక్క. చిరాకు పడకుండా జవాబు చెప్పండి. చెప్పకపోతే వాళ్లే ఒక జవాబు తయారుచేసుకుంటారు, అది మీకు నచ్చకపోవచ్చు.

మూడోది మనుషుల కొరత, దీన్ని చాలామంది పట్టించుకోరు. రోజర్ బార్కర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1947లో అమెరికాలోని కాన్సాస్‌లో ఓస్కలూసా అనే చిన్న ఊళ్లో పరిశోధన కేంద్రం పెట్టి, తానూ అక్కడే కాపురముండి, పాతికేళ్ల పాటు జనం రోజువారీ పనులను గమనించాడు. ఆయన, పాల్ గంప్ కలిసి 1964లో పెద్ద, చిన్న హైస్కూళ్లను పోల్చారు. పెద్ద బడిలో కార్యక్రమాలు ఎక్కువ రకాలు. కానీ చిన్న బడిలో ఒక్కో పిల్లవాడు ఎక్కువ వాటిలో పాల్గొంటాడు, ఎక్కువ బాధ్యతలు మోస్తాడు, ఎందుకంటే వాడు లేకపోతే నాటకం ఆగిపోతుంది. చిన్న పట్టణమూ అంతే. మెడికల్ షాపు ఆయనే గుడి కమిటీలో ఉంటాడు, లైబ్రరీ మీటింగులో ఉంటాడు, ఎవరైనా పోతే శ్మశానం దగ్గరా ఉంటాడు. మీరు వెళ్లిన కొత్తలోనే మిమ్మల్నీ ఏదో ఒకదాంట్లోకి లాగుతారు. బాగా చదువుకున్నవాళ్లు కదా, మైకు పట్టుకోమంటారు. ఒప్పుకోండి. కాకపోతే డబ్బు లెక్కల బాధ్యత మాత్రం మొదటి ఏడాది తీసుకోకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది దాచిపెడితే నిజం చెప్పినట్టు కాదు. అందరూ అందరికీ తెలిసిన చోట, ఒకసారి పడిన ముద్ర త్వరగా పోదు. దుకాణదారుతో గొడవ పడితే అతనే మీ పిల్లల బడి కమిటీలో ఎదురవుతాడు. కులం, మతం, జాతి, ఆడదన్న తేడా చూపించేచోట నగరంలో ముక్కూమొహం తెలియనితనం ఇచ్చే రక్షణ ఇక్కడ ఉండదు. పెద్ద కుటుంబాలవాళ్లు "మా ఊళ్లో అందరం ఒకటే" అంటే వినండి, అదే మాట ఊరి చివరి వీధిలో ఉన్నవాళ్లను కూడా అడిగి చూడండి. నేను కొత్త ఊరికి వెళ్తే ముందు ఆ వీధివైపే వెళ్తాను.

సంతలు, ఉత్సవాలు

వీటి గురించి మాట్లాడేటప్పుడు అనాదిగా వస్తున్న ఆచారం అనడం అలవాటు. చాలావాటి పుట్టుక చూస్తే చాలా లౌకికం. స్వీడన్ ఉత్తరాన యోక్‌మోక్‌లో ఫిబ్రవరి చలిలో జరిగే సంత 1605నుంచి ఉంది. రాజు తొమ్మిదో కార్ల్ ఆ ప్రాంతంలో సంతలు పెట్టించింది పన్నులు వసూలు చేసుకోవడానికి, అక్కడి ఆదివాసులైన సామీ జనాన్ని రాజ్యం, చర్చి అదుపులోకి తెచ్చుకోవడానికి. ఇప్పుడు మూడు వేల మంది ఉండే ఆ ఊరికి ఆ కొద్ది రోజుల్లో వేలాదిగా జనం వస్తారు, సామీ ప్రజల చేతిపనులకు, కలయికలకు అదే పెద్ద వేదిక. పన్ను వసూలుకు పెట్టింది కాస్తా వాళ్ల సొంతమైంది.

ఉత్సవం సొంతదా, అలంకారమా అని మీరడిగారు. నేను చూసేది ఒక్కటే: బయటివాళ్ల వీలు కోసం తేదీ మార్చారా? స్కాట్లండ్ ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో లెర్విక్ అని ఏడు వేల జనాభా ఉన్న ఊరుంది. అక్కడ జనవరి చివరి మంగళవారం రాత్రి సుమారు వెయ్యిమంది వేషాలు వేసుకుని దివిటీలతో ఊరేగి, నెలల తరబడి కట్టిన ఓడను తగలబెడతారు. మంగళవారమే, వారాంతం కాదు. పర్యాటకులు వచ్చే వేసవి కూడా కాదు. మర్నాడు ఊరికి సెలవు. ఊరేగింపు అయ్యాక తెల్లవార్లూ హాళ్లలో జరిగేది ప్రధానంగా ఊరివాళ్ల కోసమే. 19వ శతాబ్దం చివర్లో ఇప్పటి రూపం తెచ్చుకున్న వేడుక ఇది, మరీ పాతదేం కాదు. అయినా గట్టిగా నిలబడింది, ఎందుకంటే ఓడ కట్టడం, దుస్తులు కుట్టడం, పాటలు నేర్చుకోవడం చలికాలమంతా ఊరికి పని పెడతాయి.

ఉత్సవం మీద బతికే ఊళ్లు లేవా అంటే ఉన్నాయి. జర్మనీలో ఒబెరామెర్‌గావ్ వాళ్లు ప్లేగునుంచి కాపాడితే క్రీస్తు కథను నాటకంగా ఆడతామని 1633లో మొక్కుకున్నారు. 1634లో మొదటిసారి ఆడారు. ఇప్పటికీ పదేళ్లకోసారి ఆడుతున్నారు. 2020లో ఆడాల్సింది కోవిడ్ వల్ల 2022లో జరిగింది. దాదాపు ఐదు వేల మంది ఉన్న ఊళ్లో వేషం కట్టే హక్కు ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు, లేదా ఇరవై ఏళ్లుగా అక్కడ ఉంటున్నవాళ్లకే. నాటకం ఆడే ఏడాది లక్షల్లో జనం వస్తారు. అయితే పెళ్లైన ఆడవాళ్లకు, ముప్పై ఐదేళ్లు దాటిన ఆడవాళ్లకు ఆ నాటకంలో పాల్గొనే హక్కు 1990లో కోర్టుకెళ్తే గాని రాలేదు. లెర్విక్ ఊరేగింపులో నడిచే ప్రధాన దళాల్లోకి కూడా ఆడవాళ్లు 2023లోనే వచ్చారు. ఊరి సంప్రదాయం ఎవరిని లోపలికి రానిస్తుందో చూస్తే, రేపు మీ వ్యాపారానికి, మీ పిల్లలకు ఎలాంటి చోటు దొరుకుతుందో కొంత ఊహించుకోవచ్చు.

కొత్త గుర్తింపు తయారుచేసుకున్న ఊళ్ల కథలు మీరు వినే ఉంటారు. బ్రిటన్‌లోని హే-ఆన్-వై పాత పుస్తకాల ఊరైంది. రిచర్డ్ బూత్ 1960ల మొదట్లో అక్కడ దుకాణం తెరిచాడు, 1977 ఏప్రిల్ 1న సరదాగా ఊరికి స్వాతంత్ర్యం ప్రకటించి తనే రాజునన్నాడు. జపాన్‌లోని కమికాత్సులో 1981 చలికి నారింజ తోటలు పోయాక, 1986నుంచి ముసలివాళ్లు చెట్ల ఆకులు ఏరి హోటళ్లకు, వంటకాల అలంకరణ కోసం అమ్మడం మొదలుపెట్టారు. రెండూ నిజమే, రెండూ మంచి కథలే. కానీ వీటిని చూసి "మన ఊరికీ ఒక థీమ్ పెడదాం" అని బయల్దేరిన కమిటీల్లో నేనూ కూర్చున్నాను. చాలావరకు స్వాగత ద్వారం కట్టేదాకా వచ్చి ఆగిపోయాయి. హే ఊళ్లో ఖాళీ భవనాలు చవగ్గా దొరికాయి, పట్టువదలని మనిషి ఒకడున్నాడు. కమికాత్సులో ఆకులు ఏరగలిగే ఓపికైన చేతులు ఉన్నాయి, వాటిని మార్కెట్‌కు కలిపే సహకార సంఘం ఉద్యోగి ఉన్నాడు. ఊళ్లో అప్పటికే ఉన్నదాన్ని పట్టుకున్నారు కాబట్టి నడిచింది.

ఇక మీ సంగతి. వెళ్లాక మొదటి నెలల్లో చూడాల్సినవి చెప్తాను, వరుస ముఖ్యం కాదు. పొద్దున్నే బస్టాండులో కాసేపు నిలబడి ఏ వైపు బస్సులు నిండుగా వస్తున్నాయో, దిగినవాళ్లు ఏ వీధివైపు నడుస్తున్నారో చూడండి. సాయంత్రం ఖాళీ చేతులతో తిరిగి వెళ్తున్నారా, సంచులతో వెళ్తున్నారా చూడండి. సంతరోజు, మామూలు రోజు రెండూ చూడాలి. రిపేరు షాపులు ఎన్ని ఉన్నాయో, వాటిలో పనిచేస్తున్నవాళ్ల వయసెంతో గమనించండి. కుర్రాళ్లు పని నేర్చుకుంటూ కనిపిస్తే మంచి గుర్తు. ఖాళీ దుకాణాల్లో "అద్దెకు ఇవ్వబడును" బోర్డు రంగు వెలిసిపోయిందో, కొత్తగా ఉందో చూడండి. ఆ ఊళ్లో ఉన్న తప్పనిసరి పనుల్లో ఏదైనా తరలిపోతుందన్న వార్త ఉందేమో ఆరా తీయండి. ఉద్యోగులకే ముందు తెలుస్తుంది.

వ్యాపారం విషయంలో, ఊరి వ్యవసాయం ఒకటే పంట మీద ఉంటే అరువు ఇవ్వకుండా నడపలేరని ముందే లెక్కేసుకోండి. పెట్టుబడి ఎంత అనుకుంటున్నారో, దానిలో పెద్ద భాగం ఖాతా పుస్తకంలో బాకీలుగా నిలిచిపోయినా నెలలు గడపగలరా అన్నది చూసుకోవాలి. పంట అమ్ముడైన కాలంలో బజారు చూసి మోసపోకండి. నాట్లకు, కోతలకు మధ్య చేతిలో డబ్బులేని నెలల్లో కూడా అక్కడే ఉండి చూసి, ఆ తర్వాతే దుకాణానికి అడ్వాన్సు ఇవ్వండి.